కరవు కొలత, ఇంటి కొలత

మా పగిడ్యాల ప్రాంతపు పాత వంటిళ్లలో వారమంతా జొన్నలదే. పగలు సంగటి, రాత్రి పెనంమీద కాల్చిన రొట్టె. మిగిలిన సంగటి మరునాటి ఉదయం మజ్జిగలో కలిసేది. వరి అన్నం పండుగకే. గాదెలో గింజ అడుగంటకుండా ఇల్లాలు వేసుకొన్న లెక్క అది.

1876–78 నాటి ధాత కరవులో మా ప్రాంతం అప్పట్లో ఉన్న కర్నూలు జిల్లా అల్లాడిపోయింది. 1877 జనవరిలో సర్ రిచర్డ్ టెంపుల్, కరవు పనికి వచ్చిన పురుషునికి రోజుకు ఒక పౌను ధాన్యం, ఒక అణా చాలునన్నాడు. పౌనంటే సుమారు 450 గ్రాములు. చెమటోడ్చే దేహానికి అది చాలదని మద్రాసు సానిటరీ కమిషనర్ కార్నిష్ వాదించాడు. తరువాత ఆ కూలిని పెంచారు.

మిత్రులారా, రెండూ పొదుపు లెక్కలే. ఇల్లాలు తాను కొలిచినదే తానూ తినేది, టెంపుల్ తినలేదు.