శామ్యూల్ బి. రాబర్ట్స్ (యుద్ధనౌక)

అమెరికా నౌకాదళానికి చెందిన చిన్న ఎస్కార్ట్ నౌక. 1942లో గ్వాడల్‌కెనాల్ దీవిలో శత్రువులు చుట్టుముట్టిన మెరైన్లను తప్పించడానికి తన పడవను ఎరగా నడిపి, ప్రాణాలొదిలిన నావికుడి పేరే దీనికి పెట్టారు. హ్యూస్టన్‌లో తయారై 1944 ఏప్రిల్ 28న విధుల్లో చేరింది. దాని సేవాకాలం ఆరు నెలలైనా నిండలేదు.

అక్టోబరు 25న ఫిలిప్పీన్స్‌లోని సమర్ దీవి దగ్గర, విమానవాహక నౌకలను కాపాడేందుకు తనకన్నా ఎన్నో రెట్లు పెద్దవైన జపాన్ క్రూయిజర్ల మీదికి దూసుకెళ్లింది. వెనుక ఫిరంగి పేలిపోయి ఒళ్లు ఛిద్రమైనా, గన్నర్ పాల్ హెన్రీ కార్ చివరి గుండును చేతుల్లో పట్టుకుని, దాన్ని ఫిరంగిలోకి ఎక్కించమని వేడుకుంటూ కనిపించాడు. అంతటి తెగువ నౌకాయుద్ధ చరిత్రలోనే అరుదు. నౌక మునిగిపోయింది, బతికినవారు రెండు రోజులకు పైగా సముద్రంలోనే గడిపారు. 2022 జూన్‌లో దాని శిథిలాలు దాదాపు 6,900 మీటర్ల లోతున బయటపడ్డాయి.