గిజిగాడు, కోరమాండల్ తూనీగ: రెండు నామకరణాల చరిత్ర

కృష్ణా పశ్చిమ డెల్టాలోని జంపని వంటి గ్రామాల వరిచేలు రెండు పసుపు వన్నె జీవులకు ఆటపట్టు. ఒకటి తాటిమట్టలకు గూళ్లు వేలాడగట్టే గిజిగాడు. రెండవది నీటి అంచు గడ్డిపోచలపై రెక్కలు మూసి వాలే సన్నని తూనీగ. జతకట్టే కాలంలో మగ గిజిగాని నడినెత్తి పసుపెక్కుతుంది. మగ తూనీగకు పొడవాటి ఉదరమంతా పసుపే. వాటి పేర్ల చరిత్రలు మాత్రం భిన్నమైన దారులు పట్టాయి.

గిజిగానికి లిన్నేయస్ 1766లో లాక్సియా ఫిలిప్పీనా అని పేరు పెట్టాడు. ఆ పక్షి ఫిలిప్పీన్స్ దేశవాళీ కాదు. నమూనా అక్కడిదన్న పొరపాటే దీనికి మూలం. అది సింహళానికి చెందినదని తరువాతి పండితులు సవరించారు. ప్రజాతి మారి ప్లోసియస్ అయింది గాని, జాతినామం ఫిలిప్పైనస్‌గానే నిలిచింది. ముందు ప్రచురితమైన పేరుకే ప్రాధాన్యమిచ్చే నియమం ముందు భౌగోళికమైన తప్పు చెల్లదు. 1798లో ఫాబ్రీసియస్ తూనీగకు ఇచ్చిన పేరు ఇందుకు భిన్నం. సెరియాగ్రియాన్ కోరమాండేలియానమ్ అన్న నేటి పేరులో చోళమండలం పలుకుతుంది. ఆ తీరానికి కృష్ణా ముఖద్వారం ఉత్తరపు హద్దుగా చెప్పబడేది కనుక, జంపనికి ఇది దాదాపు సొంతూరి పేరు. అయితే ఈ తూనీగ భారత ఉపఖండమంతటా కనిపిస్తుంది. తీరం పేరు దానికి ఇరుకే.

తెలుగులో ఈ తారతమ్యం తలకిందులవుతుంది. పక్షికి ప్రత్యేకనామం ఉంది. అది జాషువ ఖండికకు శీర్షిక కూడా అయింది. రెండవదానికి ఉన్నది సామాన్యనామమే. రెక్కలు చాచి వాలే పెద్దదీ, మూసి వాలే చిన్నదీ, రెండూ తూనీగలే. శాస్త్రం వీటిని అనైసాప్టెరా, జైగాప్టెరా అనే ఉపగణాలుగా విడదీస్తుంది.

ఈ తేడాకు కారణం గూడేనని భావించవచ్చు. వరి ఆకుల చీలికలతో గిజిగాడు అల్లే గూడు రైతు కళ్లెదుటే రోజుల తరబడి తయారవుతుంది. మగపక్షి సగం అల్లి ఆడపక్షిని పిలుస్తుంది. నచ్చకపోతే ఆ గూడు అసంపూర్తిగానే వేలాడుతుంది. పైగా అది వరికంకిపై వాలే పక్షి, రైతుకు దానితో లెక్క ఉంది. తూనీగ సంసారమంతా నీటి చాటున. మగది పట్టుకొని ఉండగా ఆడది నీటిమొక్కల కణజాలంలో గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు నీటి అడుగున చిన్న ప్రాణులను తిని పెరుగుతుంది. అది చేలో చేసే మేలు ఎవరి లెక్కలోకీ రాలేదు.

జైగాప్టెరాకు సన్నతూనీగ అనో సూదితూనీగ అనో పదం కూర్చడం సులభమే. కాని భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో 1962లో వెలువడిన వ్యవసాయ వృత్తి పదకోశం చూపిన మార్గం వేరు: మాటను కూర్చడానికి ముందు చేలో ఉన్నవారిని అడగడం. జంపని కాలువగట్లపై ఆ ప్రశ్నను ఈ చిన్న తూనీగ గురించి అడగవలసి ఉంది.