కన్నం

బ్యాంకుకు కన్నం, ఏటీఎంకు కన్నం, ఖజానాకు కన్నం. పత్రికల శీర్షికల్లో ఈ మాటకు ఇంకా గిరాకీ తగ్గలేదు. తీరా వార్త చదివితే దొంగ గోడ జోలికే పోయి ఉండడు. గ్యాస్ కట్టర్‌తో షట్టరు కోసి ఉంటాడు, కాదంటే కంప్యూటర్ ముందు కూర్చుని పని కానిచ్చి ఉంటాడు.

కన్ను నుంచే కన్నం పుట్టిందని అనిపించడం సహజం. గోడకు పెట్టిన కన్ను, ఎంత ముచ్చటైన ఊహ! పొరుగు భాషలు మాత్రం ఒప్పుకోవు. నేత్రం తమిళంలో కణ్, కన్నడంలో కణ్ణు. దొంగ వేసేది తమిళంలో కన్నం, కన్నడంలో కన్న. అక్కడ ణకారం, ఇక్కడ నకారం. తెలుగులో కంటి ణకారం నకారమైపోయింది కాబట్టి ఈ చుట్టరికం మనకే తోస్తుంది. తమిళంలో దొంగ గునపం కన్నక్కోల్. మనకు కన్నపుకత్తి.

సంస్కృతంలో కన్నాన్ని సంధి అన్నారు. మనుస్మృతి తొమ్మిదో అధ్యాయం రాత్రిపూట సంధి కొట్టి దొంగిలించినవాడి చేతులు నరికి శూలానికి ఎక్కించమంటుంది. శూద్రకుడు అదే పనిని కళగా చూపించాడు. మృచ్ఛకటికం మూడో అంకంలో శర్విలకుడు గోడ ముందు నిలబడి, పద్మమా, సూర్యుడా, నెలవంకా, స్వస్తికా అని కన్నం ఆకారం గురించి తర్జనభర్జన పడి, కాల్చిన ఇటుకకు పూర్ణకుంభమే నప్పుతుందని తేలుస్తాడు. కొలతాడు మరిచిపోయి వచ్చాడు, జందెంతో కొలుస్తాడు. బ్రాహ్మణుడికి జందెం ఎంత ఉపయోగమో అని మురిసిపోతాడు కూడా.

ఇంతకీ ఆ క్షణంలో జందెం కన్నపు పరికరం అయిందా, కాలేదా?

దండి దశకుమారచరితంలో అపహారవర్మ సంచికి ఈ చిక్కు లేదు. పాము పడగలాంటి పార, పటకారు, దీపం ఆర్పడానికి పురుగుల డబ్బా, కన్నంలోంచి ముందుగా దూర్చి చూడడానికి మనిషి బొమ్మ తల. ఈ సరంజామాతో అర్ధరాత్రి దొరికినవాడు ఏం చెప్పుకున్నా ఎవరు నమ్ముతారు? ఫుట్‌పాత్ మీద తాళాలు బాగుచేసే మనిషి పెట్టె వేరు. ఆకురాయి, సన్నటి తీగ, రింగుకు గుచ్చిన పాత తాళంచెవులు. తీగ కొన వంచి, తాళంలోకి దూర్చి, చెవి దగ్గరగా పెట్టుకుని తిప్పుతాడు. అదే తీగ, అదే ఒడుపు ఇంకొకరి చేతిలో నేరం.

‘కన్నపు’ అన్న విశేషణం చేసే పని ఇదే. కత్తికి అది ముందే నేరం అంటగడుతుంది. 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 54వ సెక్షనూ అదే చేసింది. ఇళ్లు పగలగొట్టే పనిముట్టు సరైన కారణం లేకుండా దగ్గరుంటే పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. కారణం చూపాల్సిన భారం పట్టుబడినవాడిదే. ఏది ఆ పనిముట్టో అందులో జాబితా లేదు. 1973 కోడ్ 41వ సెక్షన్‌లోనూ ఈ మాటే కొనసాగి, 2010 నవంబరు 1న అమల్లోకి వచ్చిన సవరణతో జారిపోయింది. పోయినందుకు నాకు దిగుల్లేదు. గునపం మోసుకెళ్లే కూలీ ఆ భారాన్ని ఎలా దించుకుంటాడు?

ఇంగ్లండు 1968 దొంగతనాల చట్టం 25వ సెక్షన్‌లో వేరే దారి పట్టింది. వస్తువు ఏదైనా కావచ్చు. దొంగతనానికి వాడే ఉద్దేశంతో, తన నివాసం బయట, వెంట ఉంచుకోవడమే నేరం. గరిష్ఠంగా మూడేళ్లు. ఉద్దేశాన్ని రుజువు చేయాల్సింది ప్రాసిక్యూషన్.

2024 దాకా అమల్లో ఉన్న మన 1860 శిక్షాస్మృతి 445వ సెక్షన్ ఉదాహరణలు చూస్తే కన్నం ఎంత దూరం జరిగిందో తెలుస్తుంది. మొదటిది అచ్చమైన కన్నమే: గోడకు చిల్లు పొడిచి చెయ్యి లోపల పెట్టడం. తర్వాత ఒకచోట తలుపు కంతలోంచి తీగ దూర్చి గడియ ఎత్తడం. ఆపైన, ఇంటివాళ్లు పోగొట్టుకున్న తాళంచెవి దొరికితే దాంతోనే తలుపు తీసి అక్రమంగా చొరబడడం. మూడూ ఒకే నేరం. మూడోదాంట్లో గోడకు గీతైనా పడదు, గడియకు తీగైనా తగలదు. పరికరం ఆ ఇంటి సొంత తాళంచెవి.