ఒక జబ్బుకు పేరు వచ్చిన కథ

"అద్దం అబద్ధం చెప్పదు" అంటారు మన పెద్దలు. కానీ అద్దంలో చూసుకునే మనసు అబద్ధం చెప్పగలదని మా అన్న వల్ల నాకు తెలిసింది.

మేము బెళ్ళందూరులో ఉంటాం. మా పెద్దమ్మ కొడుకు పీయూసీ చదువుతున్నాడు. కరోనా పోయి అందరూ మాస్కులు తీసేసినా అన్న తీయలేదు. ముక్కు మీద మొటిమ మచ్చ ఉందని గంటల తరబడి అద్దం ముందు నిలబడేవాడు. మాకైతే ఆ మచ్చ కనిపించీ కనిపించనట్టు ఉండేది. "ఏముందిరా అక్కడ?" అని పెద్దమ్మ అడిగితే ఏడ్చేవాడు. క్రీములు, లేజర్లు, ఒక క్లినిక్ తర్వాత ఇంకోటి. డబ్బులు పోయాయి గానీ బాధ పోలేదు. చివరికి ఒక చర్మ డాక్టరమ్మ, "నీ బాధ నిజమే బాబూ, కానీ దానికి మందు నా దగ్గర లేదు" అని మానసిక వైద్యుల దగ్గరికి పంపించారు. అక్కడ విన్నాం ఈ పేరు: బాడీ డిస్మార్ఫిక్ డిజార్డర్. ఈ పేరు ఎక్కడిదా అని నేను వెదికాను.

డిస్మార్ఫియా అంటే గ్రీకులో వికారరూపం. క్రీ.పూ. 5వ శతాబ్దపు చరిత్రకారుడు హెరొడోటస్ ఒక కథ చెప్పాడు. స్పార్టాలో ఒక కలవారి పాప అందంగా లేదని తల్లిదండ్రులు కుమిలిపోయేవారట. ఆయా ఆ పాపను రోజూ హెలెన్ గుడికి తీసుకెళ్ళి మొక్కుకునేదట. గమనించండి, కథలో బాధపడింది పాప కాదు, పెద్దవాళ్ళు!

1891లో ఇటలీ వైద్యుడు ఎన్రికో మోర్సెల్లి ఈ జబ్బుకు 'డిస్మార్ఫోఫోబియా' అని పేరు పెట్టాడు. 1920లలో వియన్నాలో సెర్గీ పాంకెయెఫ్ అనే రష్యా దేశస్థుడు చర్మ వైద్యుడి చికిత్స తర్వాత ముక్కు మీద మచ్చ పడిందని కుంగిపోయి, జేబు అద్దంలో మాటిమాటికీ చూసుకునేవాడు. ఆయనకు చికిత్స చేసిన రూత్ మాక్ బ్రన్స్విక్ 1928లో దాని గురించి రాశారు. అది చదువుతుంటే మా అన్నే గుర్తొచ్చాడు. అమెరికా మానసిక వైద్యుల గ్రంథంలో ఇప్పటి పేరు 1987లో చేరింది. అంటే మోర్సెల్లి తర్వాత 96 ఏళ్ళకు!

మన దేశంలో 1975లో ఫెయిర్ అండ్ లవ్లీ క్రీము వచ్చింది. 2020లో దాని పేరులోంచి 'ఫెయిర్' తీసేశారు. తెల్లరంగు మోజు, ఈ జబ్బు ఒకటి కాదు. కానీ "నల్లపిల్ల", "మొటిమల మొహం" అనే ఎగతాళి కొందరి మనసులో ముల్లులా దిగిపోతుంది.

ఈ జబ్బు నూటికి సుమారు ఇద్దరిలో ఉంటుందని, చర్మ వైద్యం కోసం వచ్చేవారిలో ఇంకా ఎక్కువని వైద్యులు చెబుతారు. ఆలోచనల తీరు మార్చే చికిత్స, మందులు, రెండూ ఉన్నాయి. మన బెంగళూరులోనే హోసూరు రోడ్డు మీద నిమ్హాన్స్ ఉంది. 2022లో మొదలైన టెలి మానస్‌కు 14416 నంబరులో ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనూ మాట్లాడవచ్చు.

అన్న ఇంకా అప్పుడప్పుడు అద్దం చూస్తాడు. కానీ మొన్న ఉగాదికి మాస్కు లేకుండా మా ఇంటికి వచ్చి పచ్చడి తిన్నాడు. పెద్దమ్మ ఇప్పుడు "ఏముందిరా అక్కడ?" అని అడగడం లేదు. "ఈ రోజు ఎలా ఉందిరా?" అని అడుగుతోంది. మనం కూడా అలాగే అడుగుదాం.