కళింగనగరం నుంచి సరిహద్దు రేఖ దాకా: వంశధార తీరపు ఒక చిన్న దేశ చరిత్ర

మహేంద్రగిరికీ బంగాళాఖాతానికీ నడుమ, వంశధార, నాగావళి నదులు పారే సన్నని నేల ప్రాచీన కళింగంలో ప్రధాన భాగం. నేడు కళింగమనగానే విద్యార్థికి ఒడిశా, అశోకుని యుద్ధం, ధవళి శాసనం గుర్తుకు వస్తాయి. అయితే తూర్పు గాంగులకు ఐదు శతాబ్దాలకు పైగా రాజధానిగా నిలిచిన కళింగనగరం శ్రీకాకుళం జిల్లాలోని ముఖలింగమే. ఒక దేశపు పేరు ఒక రాష్ట్రానికి, దాని రాజధాని మరొక రాష్ట్రానికి చెందడానికి గల కారణాలను ఆ దేశ చరిత్రలోనే వెదకవలసి ఉంటుంది.

క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లీనీ కళింగులను సముద్రానికి సమీపంలో నివసించే జనంగా పేర్కొన్నాడు. ఆయన గ్రంథంలోని 'దండగుల' దంతపురమేనని కొందరు పండితులు భావించారు. ఆ దంతపురాన్ని ఆమదాలవలస సమీపంలోని దంతవక్త్రుని కోటతో గుర్తించే వారున్నారు. మధ్యధరా ప్రపంచానికి ఈ తీరం తెలియడంలో వింత లేదు. వంశధార సముద్రంలో కలిసే చోట కళింగపట్నం, దానికి ఎగువన నది దక్షిణపు ఒడ్డున కొండపై శాలిహుండం బౌద్ధారామం ఉన్నాయి. 1919లో గిడుగు వేంకట రామమూర్తి వెలుగులోకి తెచ్చిన ఈ స్థలంలో స్తూపాలు, చైత్యాలు, విహారాలు తవ్వకాలలో బయటపడ్డాయి. రేవు, నది, ఆరామం ఒకే వరుసలో ఉండటం ఈ దేశ జీవనాడిని సూచిస్తుంది.

రాజకీయంగా మాత్రం ఆ కాలంలో ఇది ఒకే రాజ్యం కాదు. 4వ శతాబ్దంలో సముద్రగుప్తుని ప్రయాగ ప్రశస్తి దక్షిణాపథ రాజులను పేర్కొంటూ కొట్టూరు, ఎరండపల్లి, దేవరాష్ట్రం, పిష్టపురం పాలకులను వేర్వేరుగా లెక్కించింది. కళింగాధిపతి అన్నవాడు ఆ జాబితాలో కనిపించడు. తరువాత పితృభక్తులు, మాఠరులు, వాసిష్ఠులు పోటీపడి ఆ బిరుదును ధరించారు. ఏలిన నేల కన్నా బిరుదు పెద్దదని చెప్పక తప్పదు.

ఆ బిరుదుకు స్థిరమైన అర్థం కల్పించినవారు తూర్పు గాంగులు. సుమారు క్రీ.శ. 498 నుంచి గాంగ శకం మొదలైందని చరిత్రకారులు నిర్ణయించారు. వీరి తామ్రశాసనాలు మహేంద్రగిరిపై వెలసిన గోకర్ణస్వామిని కులదైవంగా స్తుతిస్తాయి. కొండపై దైవం, నదీతీరాన రాజధాని, నది చివర రేవు: ఒక చిన్న దేశానికి ఇంతకన్నా సహజమైన అమరిక ఉండదు. కళింగనగరం ఎక్కడిదన్న ప్రశ్న చాలాకాలం నలిగింది. పేరులోని పోలికను బట్టి కళింగపట్నమే అన్న వాదం వచ్చింది. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడైన గిడుగు రామమూర్తి శాసనాలను స్వయంగా చదివి ముఖలింగమే కళింగనగరమని నిరూపించారు. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వరాలయాలు నేటికీ అక్కడ నిలిచి ఉన్నాయి.

ఈ దేశాన్ని చిన్నబుచ్చింది ఓటమి కాదు, విజయం. 1078లో పట్టాభిషిక్తుడైన అనంతవర్మ చోడగంగదేవుడు 12వ శతాబ్ది తొలి దశాబ్దాలలో ఉత్కళాన్ని జయించాడు. కులోత్తుంగ చోళుని సేన కళింగంపై దాడి చేసింది కూడా ఇతని కాలంలోనే. ఆ దండయాత్రను కీర్తించిన తమిళ కావ్యం 'కళింగత్తుప్పరణి'కి దక్కిన ప్రసిద్ధి ముఖలింగ శాసనాలకు దక్కలేదు. గోదావరి నుంచి గంగ వరకు విస్తరించిన సామ్రాజ్యానికి కళింగనగరం ఒక మూలకు ఒదిగిపోయింది. రాజధాని కటకానికి తరలింది. శతాబ్దాల రాజనగరం క్షేత్రంగా మిగిలింది. అయినా దక్షిణ భాగం పూర్తిగా మరుగున పడలేదనడానికి శ్రీకూర్మం సాక్ష్యం. గాంగుల పాలనలో ఉన్నత పదవి నిర్వహించిన మాధ్వయతి నరహరితీర్థుల 1281 నాటి శాసనం అక్కడ ఉంది.

గజపతులు, గోల్కొండ నవాబులు, నిజాములు వచ్చేనాటికి ఇది 'చికాకోల్ సర్కారు' అయింది. 1753లో ఫ్రెంచివారికి, 1765-66లో ఆంగ్లేయులకు ఉత్తర సర్కారులతో పాటు చేతులు మారింది. 1757 బొబ్బిలి యుద్ధంలోనూ, 1794 పద్మనాభ యుద్ధంలోనూ జమీందారుల శౌర్యం నిస్సందేహం. కానీ అప్పటికి వివాదం కళింగ సింహాసనం గురించి కాదు. జమీల హద్దుల గురించి, పేష్కషు బాకీల గురించి.

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడినప్పుడు గంజాం జిల్లాను భాష ప్రాతిపదికన విభజించారు. పర్లాకిమిడి జమీ రెండుగా చీలింది. పర్లాకిమిడి పట్టణం, మహేంద్రగిరి ఒరిస్సాకు వెళ్లాయి. ముఖలింగం, కళింగపట్నం, శ్రీకూర్మం మద్రాసు రాష్ట్రంలో ఉండిపోయాయి. గాంగుల కులదైవానికీ రాజధానికీ మధ్య రాష్ట్ర సరిహద్దు పడింది.

చరిత్ర రచన కూడా ఈ సరిహద్దునే అనుసరించింది. ఒడిశా చరిత్రలలో గాంగుల అసలు కథ చోడగంగునితో, పూరీ జగన్నాథాలయంతో ఆరంభమవుతుంది. తెలుగు చరిత్రలు శాతవాహన, చాళుక్య, కాకతీయ క్రమాన్ని రాజమార్గంగా తీసుకొని తొలి గాంగులను అనుబంధంగా ముగిస్తాయి. ముఖలింగాలయ స్తంభాలపై అఖండ దీపదానాలను నమోదు చేసిన తెలుగు శాసనాలు ఎన్నో ఉన్నాయి. వాటిని చూపి గాంగులను తెలుగు రాజులనడం తొందరపాటు. కటకానికి తరలిన తరువాతి కాలాన్ని చూపి వారిని కేవలం ఒడియా రాజులనడమూ అంతే. దాత ఏ భాషలో దానం రాయించుకున్నాడో శాసనం చెబుతుంది. ప్రభువు జాతీయతను అది చెప్పదు. ఆ భావన ఆ యుగానిది కాదు.

శ్రీకాకుళం 1950లో ప్రత్యేక జిల్లా అయింది. 1979లో విజయనగరం, 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలు ఏర్పడ్డాయి. వంశధార మాత్రం ఒడిశాలో పుట్టి కళింగపట్నం వద్ద సముద్రంలో కలుస్తూనే ఉంది. ఆ నీటి పంపకంపై 2010లో ఏర్పాటైన ట్రిబ్యునల్ 2017లో తీర్పు ఇచ్చింది. నేరడి వద్ద బ్యారేజీ నిర్మాణం ఆ వాదాలలో ప్రధానాంశం.