ట్రాకింగ్ కుకీలు

వెబ్‌సైటు మన బ్రౌజర్‌లో దాచే అక్షరాల చిన్న తునకను కుకీ అంటారు. 1994లో నెట్‌స్కేప్ ఇంజనీరు లూ మాంటుల్లీ దీన్ని రూపొందించారు. అప్పటికి సర్వర్‌కు జ్ఞాపకశక్తి లేదు. పేజీ మారితే పాత మనిషీ దానికి కొత్తవాడే, బుట్టలో వేసుకున్న సరుకూ మాయమే. కుకీతో సర్వర్ ఒక గుర్తు సంఖ్య ఇస్తుంది. బ్రౌజర్ దాన్ని దాచుకుని, ఆ సైటుకు వెళ్లినప్పుడల్లా చూపిస్తుంది. ఇంతవరకు ఇది మేలే.

చిక్కంతా మూడో పక్షంతో, అంటే మనం చూసే సైటు కాని మరో సంస్థతో, వచ్చింది. ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టల్లో ఒక విద్యార్థిని పొద్దున ఉద్యోగాల సైటు, రాత్రి ఏదో జబ్బు గురించి మరో సైటు చూసిందనుకుందాం. రెండు పేజీల్లోనూ ఒకే సంస్థ ప్రకటన ఉంటే, దాన్ని తెచ్చుకోవడానికి బ్రౌజర్ రెండుసార్లూ ఆ సంస్థ సర్వర్‌ దగ్గరికే వెళ్తుంది, అదే సంఖ్య చూపిస్తుంది. పేరు తెలియకపోయినా ఆమె అవసరమూ భయమూ ఒకే పద్దు కింద చేరిపోతాయి. ఇలా వెంటాడే కుకీనే ట్రాకింగ్ కుకీ అంటారు. ప్రకటనల సంస్థ డబుల్‌క్లిక్ ఈ పద్ధతిని పెద్ద వ్యాపారం చేసింది. 2008లో అది గూగుల్ చేతికి వచ్చింది.

ఉస్మానియా క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న తార్నాకకు ఆ పేరు తార్ అంటే తీగ, నాకా అంటే కాపలా చోటు అనే మాటల నుంచి వచ్చిందంటారు. నిజాం కాలంలో అక్కడ ముళ్లకంచె వేసిన తోట, దానికో కాపలా ఉండేవట. నాకా దగ్గర కాపలావాడు కంటికి కనిపిస్తాడు. ట్రాకింగ్ కుకీ కాపలా కనిపించదు. దాని హాని అంతా అందులోనే ఉంది.

నిఘా, గోప్యతలపై మన దేశంలో జరిగిన న్యాయ చర్చలో తెలుగువారి పాత్ర పెద్దది. 1962లో పోలీసు నిఘాపై వచ్చిన ఖరక్ సింగ్ కేసులో, గోప్యత వ్యక్తి స్వేచ్ఛలో భాగమేనని జస్టిస్ కోకా సుబ్బారావు భిన్న తీర్పు రాశారు. 1994 అక్టోబరు 7న ఖైదీ ఆటో శంకర్ ఆత్మకథ కేసులో, తన మానాన తనను బతకనివ్వమనే హక్కు ప్రతి పౌరుడికీ ఉందని జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తీర్పు చెప్పారు. ఆరు రోజులకే, కుకీని తెచ్చిన నెట్‌స్కేప్ బ్రౌజర్ జనంలోకి వచ్చింది. చివరికి 2017 ఆగస్టు 24న పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తులు గోప్యతను ప్రాథమిక హక్కుగా ఏకగ్రీవంగా ప్రకటించారు. వారిలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ ఒకరు.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, డేటా వాడకానికి సమ్మతి స్పష్టంగా, ఎరుకతో ఇచ్చినదై ఉండాలంటుంది. చదవకుండా నొక్కే ‘అంగీకరిస్తున్నాను’ బొత్తానికి ఆ గౌరవం దక్కకూడదు. బ్రౌజర్లలో సఫారీ 2020లోనే మూడో పక్షం కుకీలను పూర్తిగా ఆపేసింది. తామూ ఆపుతామని అదే ఏడాది ప్రకటించిన గూగుల్ క్రోమ్ 2024లో వెనక్కి తగ్గింది. అందువల్ల క్రోమ్‌లో సెట్టింగులు తెరిచి వాటిని ఆపుకునే పని వాడేవారి మీదే పడింది.