ఏటికొప్పాక తరిమెన: ఒక పనిముట్టు చరిత్ర

భీమునిపట్నానికి నైరుతి దిశలో, వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాక లక్కబొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ బొమ్మకు రూపమిచ్చిన తరిమెన మాత్రం చరిత్రకారుల దృష్టికి అంతగా ఆనలేదు.

చేతి తరిమెనపై ఒకరు తాడును ముందుకూ వెనుకకూ లాగుతుంటే అంకుడుకర్ర ఇరుదిశలా తిరుగుతుంది. మరొకరు ఉలి పట్టుకుంటారు. కర్ర ఉలికి ఎదురు తిరిగినప్పుడే కోత పడుతుంది. మళ్ళినప్పుడు పట్టు సడలించాలి. ఇద్దరి లయ కుదరకపోతే బొమ్మ గుండ్రన చెడుతుంది. ఆ రాపిడి వేడికే లక్క కరిగి కర్రకు పడుతుంది. మొగలి ఆకుతో మెరుపు తేలుతుంది.

విద్యుత్ మోటారు రాకతో తాడు లాగే చేతికి పని లేకుండా పోయింది. సహజవర్ణాలను పునరుద్ధరించిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. రంగుపై నిలిచిన ఆ శ్రద్ధ పనిముట్టుపైనా నిలవాలి; దాని కొలతలను, భాగాల పేర్లను వృద్ధ శిల్పుల నోట విని ఇప్పుడే నమోదు చేయవలసి ఉంది.